హద్దులు దాటిన వ్యాజ్యం

న్యాయం కోరే హక్కు ఎంత విలువైనదో, ఆ న్యాయాన్ని ఎక్కడ కోరాలో తెలిసి ఉండటం కూడా అంతే విలువైనది. ఒకే ఊరివారి మధ్య తగాదా వస్తే ఈ ప్రశ్న అంతగా తలెత్తదు. వాది ఒక రాష్ట్రంలో, ప్రతివాది మరొక రాష్ట్రంలో ఉన్నప్పుడే చిక్కు ఏర్పడుతుంది.

రంగారెడ్డి జిల్లా షాబాద్‌కు చెందిన ఒక రైతు తన పంటను కర్ణాటకలోని కలబురగి వ్యాపారికి అమ్మాడనుకుందాం. బేరం షాబాద్‌లోనే కుదిరింది. సరుకు అక్కడే లారీకెక్కింది. వ్యాపారి మాత్రం సొమ్ము చెల్లించలేదు. రైతు దావా ఎక్కడ వేయాలి? ప్రతి వాయిదాకూ పొరుగు రాష్ట్రానికి వెళ్ళవలసి వస్తే రావలసిన బాకీ దారిఖర్చులకే కరిగిపోతుంది. పరాయిచోట తనకు న్యాయం జరుగుతుందా అనే శంక కూడా అతనిని పీడిస్తుంది.

ఈ శంకకు అమెరికా దేశం ఒక ప్రత్యేక మార్గాన్ని ఏర్పరచింది. అక్కడ రాష్ట్రాల న్యాయస్థానాలు వేరు, సమాఖ్య న్యాయస్థానాలు వేరు. రాష్ట్ర న్యాయస్థానం తనవారి పక్షం వహించవచ్చుననే భయంతో, వేర్వేరు రాష్ట్రాల పౌరుల మధ్య వచ్చే వ్యాజ్యాలను సమాఖ్య న్యాయస్థానాలు విచారించేందుకు 1789 నాటి చట్టం వీలు కల్పించింది. అయితే అందుకు కొన్ని షరతులున్నాయి. వివాదం విలువ నిర్ణీత మొత్తాన్ని మించాలి. తొలి చట్టంలో 500 డాలర్లుగా ఉన్న ఆ మొత్తం నేడు 75,000 డాలర్లు. వాదులలో ఏ ఒక్కరూ ప్రతివాదులలో ఎవరికీ స్వరాష్ట్రీయులు కాకూడదని 1806లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. విడాకులు, వీలునామాల వంటి వ్యవహారాలు సాధారణంగా రాష్ట్ర న్యాయస్థానాలకే చెందుతాయి.

భారతదేశం మరొక దారిని ఎంచుకొంది. మనకు రాష్ట్రానికొక పౌరసత్వం లేదు. దేశమంతటికీ పౌరసత్వం ఒక్కటే. కింది కోర్టులు, హైకోర్టులు, సుప్రీంకోర్టు ఒకే నిచ్చెన మెట్లవలె అమరి ఉన్నాయి. అందుచేత ఇక్కడ కక్షిదారుల రాష్ట్రం ప్రధానం కాదు, వ్యవహారం జరిగిన చోటు ప్రధానం. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 20వ సెక్షను ప్రకారం, ప్రతివాది నివసించే చోటగాని, వ్యాపారం చేసే చోటగాని, వ్యాజ్య కారణం పూర్తిగానో కొంతగానో ఏర్పడిన చోటగాని దావా వేయవచ్చు. కనుక షాబాద్ ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో ఆ కోర్టులోనే మన రైతు దావా వేయగలడు. భూమిపై హక్కు గురించిన తగాదా అయితే 16వ సెక్షను ప్రకారం ఆ భూమి ఉన్నచోటనే తేలాలి.

2014 జూన్ 2న ఆంధ్రప్రదేశ్ విభజన జరిగినప్పుడు ఈ సూత్రం విలువ స్పష్టమైంది. అంతకు ముందురోజు వరకు షాబాద్ వాసి, గుంటూరు వాసి ఒకే రాష్ట్రంవారు. మరునాటికి వేర్వేరు రాష్ట్రాలవారయ్యారు. అయినా వారి మధ్య దావా ఏ కింది కోర్టులో వేయాలనే నియమం మారలేదు. 2019 జనవరి 1న రెండు రాష్ట్రాలకు వేర్వేరు హైకోర్టులు ఏర్పడిన తరువాత కూడా ఆ నియమం అలాగే ఉంది.

పక్షపాత భయానికి మన చట్టంలోనూ మందు లేకపోలేదు. న్యాయ ప్రయోజనం కోసం ఒక రాష్ట్రంలోని దావాను మరొక రాష్ట్రానికి బదిలీ చేసే అధికారాన్ని 25వ సెక్షను సుప్రీంకోర్టుకు ఇచ్చింది. సివిల్ కోర్టుల తుది తీర్పులు దేశంలో ఎక్కడైనా అమలు చేయదగినవని రాజ్యాంగంలోని 261వ అధికరణం చెబుతున్నది. కాబట్టి షాబాద్ రైతు పొందిన డిక్రీని కలబురగి కోర్టు ద్వారా అమలు జరిపించుకోవచ్చు. ఇక రాష్ట్ర ప్రభుత్వాల మధ్య చట్టపరమైన హక్కుల వివాదాలను 131వ అధికరణం నేరుగా సుప్రీంకోర్టుకే అప్పగించింది.

అయితే ఒక జాగ్రత్త అవసరం. ఒప్పంద పత్రాలలో ‘వివాదాలు ఫలానా ఊరి కోర్టు పరిధికి మాత్రమే లోబడి ఉంటాయి’ అనే వాక్యం తరచు చిన్న అక్షరాలలో కనిపిస్తుంది. పరిధిగల కోర్టులు రెండు మూడు ఉన్నప్పుడు వాటిలో ఒకదానిని ఇలా ఎంచుకోవడం చెల్లుతుంది. అసలు పరిధిలేని కోర్టుకు ఒప్పందం ద్వారా పరిధి కల్పించడం చెల్లదని 1971లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చదవకుండా సంతకం చేసిన రైతు తన ఊరి చెంతనున్న కోర్టును చేజేతులా వదులుకొన్నవాడవుతాడు.

చట్టం సామాన్యుని ఇంటి దగ్గరకే న్యాయాన్ని తేగోరింది. ఆ మేలును నిలుపుకోవడానికి కావలసింది అక్షరజ్ఞానం, దానితోపాటు కొద్దిపాటి చట్టజ్ఞానం.