ఈతకొలను ఖర్చు ఎవరు భరించాలి?



మన పల్లెల్లో ఈత నేర్చుకోవడానికి ఫీజు ఉండేది కాదు. చెరువో, కాలువో, దిగుడుబావో దగ్గరలో ఉండేది. నడుముకు ఎండు ఆనపకాయ బుర్ర కట్టి పెద్దవాళ్లు పిల్లల్ని నీళ్లలోకి దింపేవారు. ఢిల్లీ వంటి మహానగరంలో ఆ వీలు లేదు. నగరం దాటే చోట యమున నీరు స్నానానికే పనికిరానంత కలుషితమైంది. కనుక ఇక్కడ ఈత అంటే ఈతకొలనే. కొలను ఉన్నచోట ఖర్చు కూడా ఉంటుంది. ఆ ఖర్చు ఎక్కడినుంచి వస్తుంది, ఎందుకు భారమవుతుంది అనే విషయాలను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

క్రీడోత్సవాలు వదిలిన ఆస్తి

ఢిల్లీలోని తాల్‌కటోరా పేరు మీరు వినే ఉంటారు. తాల్ అంటే చెరువు, కటోరా అంటే గిన్నె. ఇక్కడ 1982 ఆసియా క్రీడల కోసం ఈతకొలను కట్టారు. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం దాన్ని పునర్నిర్మించి, పైకప్పు వేసి, అన్ని కాలాల్లో వాడుకునేలా తయారుచేశారు. అదే డాక్టర్ శ్యామాప్రసాద్ ముఖర్జీ ఈతకొలనుల సముదాయం. ఢిల్లీ అభివృద్ధి సంస్థ నడిపే క్రీడా సముదాయాల్లోనూ కొలనులు ఉన్నాయి.

క్రీడోత్సవం రెండు వారాల్లో ముగుస్తుంది. కొలనును మాత్రం దశాబ్దాలపాటు నడపాలి. కట్టడానికి ఒకసారి నిధులు వస్తే చాలు, నడపడానికి ప్రతి ఏడూ రావాలి. అందుకే భారత క్రీడా ప్రాధికార సంస్థ 2011లో 'కమ్ అండ్ ప్లే' పథకం ప్రారంభించి, ఢిల్లీలోని తన ఐదు క్రీడాస్థలాలను సామాన్య ప్రజలకు తెరిచింది. వాటిలో ఈ సముదాయం కూడా ఒకటి.

నీటి లెక్క

50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, సగటున 2 మీటర్ల లోతు గల కొలనును ఊహించండి. దాని ఘనపరిమాణం 2,500 ఘనమీటర్లు, అంటే 25 లక్షల లీటర్లు. ఈ నీటిని రోజూ మార్చడం అసాధ్యం. అందువల్ల అదే నీటిని పంపుతో లాగి, వడపోసి, మళ్లీ కొలనులోకి పంపుతారు.

మొత్తం నీరు 6 గంటలకొకసారి వడపోత యంత్రం గుండా వెళ్లాలనుకుందాం. అప్పుడు గంటకు సుమారు 417 ఘనమీటర్లు పంపు చేయాలి. గొట్టాల్లోనూ ఇసుక పొరల్లోనూ కలిగే నిరోధాన్ని అధిగమించడం 15 మీటర్ల ఎత్తుకు నీరు తోడడంతో సమానమనుకుంటే, పంపు సామర్థ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకొని, దాదాపు 26 కిలోవాట్ల శక్తి కావాలి. 24 గంటలకు 600 యూనిట్లకు పైనే.

యూనిట్ ధర 8 రూపాయలు అనుకొని 600 యూనిట్లకే లెక్క వేద్దాం. రోజుకు 4,800 రూపాయలు. రోజూ 200 మంది ఈదితే తలా 24 రూపాయలు పడుతుంది. 40 మందే వస్తే తలా 120. ఈదేవారు తగ్గినా పంపు ఆగదు. దీన్నే అర్థశాస్త్రంలో స్థిర వ్యయం అంటారు.

ఇక వేడి సంగతి. ఈ కొలను నీటి ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచడానికే సుమారు 2,900 యూనిట్ల శక్తి కావాలి. ఢిల్లీ చలికాలంలో చాలా ఆరుబయటి కొలనులు మూతపడటానికి ఇదొక ముఖ్య కారణం. కొలను మూసిన నెలల్లో రాబడి ఉండదు, కానీ సిబ్బంది జీతాలు, మరమ్మతులు ఆగవు. వేసవిలో మరో నష్టం ఉంది. రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరైనా 6,250 లీటర్లు పోతాయి. నీటి ఎద్దడి ఉండే నగరంలో ఇది చిన్న విషయం కాదు.

పొదుపు చేయకూడని చోట

నీటిలో క్లోరిన్ కలిపినప్పుడు హైపోక్లోరస్ ఆమ్లం ఏర్పడుతుంది. సూక్ష్మజీవులను చంపేది ప్రధానంగా ఇదే. పీహెచ్ విలువ 7.2, 7.8 మధ్య ఉంటే ఈ పని సవ్యంగా సాగుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు క్లోరిన్‌ను త్వరగా హరిస్తాయి. చెమట, మూత్రాలలోని నత్రజని పదార్థాలతో క్లోరిన్ కలిస్తే క్లోరమిన్లు తయారవుతాయి. కొలను దగ్గర ముక్కుకు తగిలే ఘాటు వాసన ఎక్కువగా వీటిదే. అది శుభ్రతకు గుర్తు కాదు.

అందువల్ల నీటిని తరచు పరీక్షించాలి. ఒడ్డున శిక్షణ పొందిన లైఫ్‌గార్డులు ఉండాలి. డబ్బు చాలనప్పుడు కోత పడే ప్రమాదం ముందుగా ఈ రెండింటికే. ఒక పరీక్ష మానేసినా ఆ రోజు ఎవరి కంటికీ కనిపించదు. దాని ఫలితం చర్మంమీదా, కళ్లలోనూ, కడుపులోనూ తర్వాత బయటపడుతుంది.

విషవలయం

చాలా ఈత క్లబ్బులకు సొంత కొలను ఉండదు. అవి గంటల లెక్కన లేన్లు అద్దెకు తీసుకుంటాయి. కొలను ఖర్చు పెరిగితే అద్దె, అద్దె పెరిగితే ఫీజు పెరుగుతాయి. ఫీజు కట్టలేని పిల్లలు మానేస్తారు. మిగిలినవారిపై తలసరి భారం మరింత పెరుగుతుంది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల కొలనులు మూతపడ్డాయి. క్రీడాకారుల శిక్షణకు 2020 అక్టోబరులో, మిగతావారికి 2021 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతించింది. రాబడి పూర్తిగా ఆగినా స్థిర వ్యయం ఆగదని ఆ నెలలు చూపించాయి.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. ఇంధన ధరలు పెరిగిన తర్వాత బ్రిటన్ ప్రభుత్వం 2023లో ఇంగ్లండులోని ప్రజా కొలనుల కోసం 6 కోట్ల పౌండ్లకు పైగా కేటాయించింది. అదే ఏడాది అక్కడి ఎక్స్‌మత్ పట్టణంలో కంప్యూటర్ సర్వర్ల నుంచి వెలువడే వేడితో కొలను నీటిని వెచ్చబరచడం మొదలుపెట్టారు.

ఎవరు భరించాలి?

ఈదేవారే మొత్తం భరించాలని కొందరంటారు. వినోదం వరకైతే ఆ వాదన సబబే. కానీ మన దేశంలో ఏటా 30 వేలమందికి పైగా నీట మునిగి చనిపోతున్నారు. బడి వయసు పిల్లలకు ఈత, నీటి భద్రత నేర్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేస్తోంది. టీకాల ఖర్చులో సమాజం పాలుపంచుకున్నట్లే, ప్రాథమిక ఈత శిక్షణ ఖర్చులోనూ పాలుపంచుకోవడం న్యాయం. ఉదయం, సాయంత్రం పెద్దలనుంచి పూర్తి రుసుము తీసుకొని, ఖాళీగా ఉండే పగటి వేళల్లో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు తక్కువ రుసుముతో నేర్పవచ్చు. పంపు ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి అదనపు ఖర్చు ప్రధానంగా శిక్షకులది, లైఫ్‌గార్డులది. రాత్రివేళ కొలనుపై కప్పు పరిస్తే ఆవిరి, వేడి నష్టాలు తగ్గుతాయి. కప్పులమీద సౌర ఫలకాలు అమర్చితే విద్యుత్ బిల్లు తగ్గుతుంది.

మీరు చేయండి: మీ ఊళ్లోని కొలను పొడవు, వెడల్పు, సగటు లోతు తెలుసుకోండి. అందులో ఎన్ని లీటర్ల నీరు పడుతుందో, ఒక డిగ్రీ వేడి పెంచడానికి ఎన్ని యూనిట్లు కావాలో లెక్కగట్టండి. రోజుకు ఎంతమంది వస్తున్నారో అడగండి. ఆపైన అక్కడి ఫీజు ఎక్కువో తక్కువో మీరే నిర్ణయించండి.