ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్

ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ (ఏప్రిల్ 7, 1891 - మార్చి 11, 1958) డెన్మార్క్ దేశానికి చెందిన వడ్రంగి, ప్రపంచ ప్రసిద్ధి పొందిన లెగో ఆటవస్తువుల సంస్థ స్థాపకుడు.

తొలి జీవితం

ఇతడు జట్లాండ్ ప్రాంతంలోని ఫిల్‌స్కోవ్ సమీపంలో ఒక పేద కుటుంబంలో జన్మించాడు. అన్న వద్ద వడ్రంగం నేర్చి, కొంతకాలం జర్మనీ, నార్వేలలో పనిచేశాడు. 1916లో బిల్లుండ్ గ్రామంలో ఒక కార్ఖానా కొని ఇళ్ళకు కావలసిన తలుపులు, కిటికీలు, సామాగ్రి తయారుచేసేవాడు. 1924లో అతని కుమారులు జిగురు వేడిచేయబోగా చెక్కపొట్టుకు నిప్పంటుకొని ఇల్లు, కార్ఖానా కాలిపోయాయి. అతడు వాటిని తిరిగి నిర్మించాడు.

ఆటవస్తువుల తయారీ

ఆర్థికమాంద్యం వలన రైతుల ఆదాయం పడిపోయి గృహనిర్మాణ పనులు తగ్గాయి. 1932లో భార్య మరణించగా నలుగురు కుమారుల పోషణభారం అతనిపై పడింది. అదే సంవత్సరం నిచ్చెనలు, ఇస్త్రీ బల్లలతో పాటు కొయ్య బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. యో-యోలకు గిరాకీ తగ్గినపుడు మిగిలిన వాటిని రెండుగా విడదీసి బొమ్మ బండ్లకు చక్రాలుగా అమర్చాడు. "బాగా ఆడుకో" అని అర్థమిచ్చే "లెగ్ గాట్" అనే డేనిష్ మాటల నుండి "లెగో" అనే పేరు కూర్చాడు.

నాణ్యత విషయంలో ఇతడు రాజీపడేవాడు కాదు. ఒకసారి కుమారుడు గాట్‌ఫ్రెడ్ ఖర్చు తగ్గించుటకై కొయ్య బాతులకు మూడు పూతలకు బదులు రెండు పూతలే వార్నిష్ వేశాడు. తండ్రి ఆ సరుకును రైల్వే స్టేషను నుండి వెనక్కి తెప్పించి, మూడవ పూత కుమారుని చేతనే వేయించాడని చెబుతారు.

ప్లాస్టిక్ ఇటుకలు

1942లో కర్మాగారం మరల అగ్నికి ఆహుతయింది. నమూనాలు, చిత్రపటాలు కాలిపోయినా పనివారి కోసం దానిని పునర్నిర్మించాడు. 1946లో ప్లాస్టిక్‌ను అచ్చుపోసే యంత్రాన్ని కొన్నాడు. ఆంగ్లేయుడు హిల్లరీ పేజ్ రూపొందించిన కిడ్డీక్రాఫ్ట్ ఇటుకలు 1949లో వెలువడిన తొలి లెగో ఇటుకలకు మూలం. అవి లోపల బోలుగా ఉండుటచే గట్టిగా పట్టుకునేవి కావు. గాట్‌ఫ్రెడ్ లోపల గొట్టాలు చేర్చి ఈ లోపాన్ని సరిదిద్ది, 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఆరు వారాల తరువాత ఓలె కిర్క్ గుండెపోటుతో మరణించాడు.

తదనంతరం

సంస్థ బాధ్యత గాట్‌ఫ్రెడ్ చేపట్టాడు. 1960లో మరో అగ్నిప్రమాదం జరిగిన పిదప కొయ్య బొమ్మల తయారీని నిలిపివేశాడు. 1958 నాటి ఇటుకలు నేటి ఇటుకలతో కూడా అతుకుతాయి. సంస్థలో అధిక వాటా నేటికీ ఆ కుటుంబానిదే.