ఎముకను పట్టుకుంటే వదలని గాజు

1967. న్యూయార్క్ రాష్ట్రంలో జరిగే సైనిక పరిశోధనల సదస్సుకి బస్సులో వెళ్తున్నాడు లారీ హెంచ్. ఫ్లోరిడా యూనివర్సిటీలో సిరామిక్స్ పరిశోధకుడు. పక్కనే వియత్నాం నుంచి తిరిగొచ్చిన ఆర్మీ కల్నల్. రేడియేషన్‌ని తట్టుకునే పదార్థాల మీద పనిచేస్తున్నానని హెంచ్ చెప్పాడు. అంతా విని, మరి మనిషి ఒంట్లో తట్టుకుని నిలబడేది చేయగలవా అన్నాడాయన. లోపల పెట్టిన లోహాన్నీ ప్లాస్టిక్‌నీ శరీరం ఒప్పుకోక, కాళ్లూ చేతులూ పోగొట్టుకుంటున్న కుర్రాళ్లను చూసి వచ్చాడు మరి!

శరీరానికి బయటి వస్తువు నచ్చకపోతే దాని చుట్టూ ఒక పొర అల్లి, వెలేసినట్టు దూరం పెడుతుంది. ఎముకలో ఉన్న ఖనిజం కాల్షియం, ఫాస్ఫేట్లే కదా, అదే పొర ఇంప్లాంట్ మీద ఏర్పడితే? హెంచ్ ఆలోచన ఇదీ. 1969లో చేసిన గాజులో 45 శాతం సిలికా, సోడియం ఆక్సైడ్, కాల్షియం ఆక్సైడ్ చెరో 24.5 శాతం, ఫాస్ఫరస్ ఆక్సైడ్ 6 శాతం. పేరు 45ఎస్5. టెడ్ గ్రీన్లీ అనే సర్జన్ చిన్న ముక్కల్ని ఎలుకల తొడ ఎముకల్లో పెట్టాడు. ఆరు వారాల తర్వాత చూస్తే, లాగినా ఊడి రావట్లేదు.

కిటికీ అద్దంలో సిలికా 70 శాతం పైనే, అందుకే నీళ్లకి చలించదు. ఇందులో తక్కువ. ఒంట్లో తడి తగలగానే సోడియం బయటికొచ్చేస్తుంది, పైన జెల్‌లాంటి సిలికా పొర మిగులుతుంది, దాని మీద కాల్షియం, ఫాస్ఫేట్ పేరుకుని ఎముక ఖనిజంలా గట్టిపడతాయి. కొత్త ఎముక దాన్ని తనదే అనుకుని అతుక్కుంటుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో, క్లయింట్ అడిగింది చెక్కుచెదరనిది, డెలివరీ అయింది కరిగిపోయేది. అయినా క్లయింట్ హ్యాపీ!

పూర్తిగా హ్యాపీ కూడా కాదులెండి. ఎంతైనా గాజే, పెళుసు. ఒంటి బరువు మోయలేదు. బైక్ మీంచి పడి తొడ ఎముక విరిగితే ఇప్పటికీ రాడ్డో ప్లేటో వేయాల్సిందే. అందుకే 1985లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి ఇంప్లాంట్ కాలికి కాదు, బరువు పడని మధ్య చెవి ఎముకలకి. 1993లో పంటి చుట్టూ అరిగిన ఎముక కోసం పొడిగా వచ్చింది. ఫిన్లాండ్‌లో తయారైన ఇంకో రకం ఎస్53పీ4ని, ఎముకలో చీము పట్టినప్పుడు శుభ్రం చేసి ఆ గుంతలో నింపుతారు. చుట్టూ క్షారగుణం పెరిగి బ్యాక్టీరియాకి బతకడం కష్టమవుతుంది.

పళ్లు జివ్వుమంటే వాడే కొన్ని టూత్‌పేస్టుల వెనక కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్ అని రాసి ఉంటుంది. ఆ గాజు పొడే అది.