వార్తల్లో పదం: క్యాపిటేషన్ ఫీజు

తల్లాడ సెంటర్‌లో బస్సు దిగిన పిల్లాడి డైరీలో చీటీ: ‘టూరుకు, పరీక్షలకు డబ్బులు రేపే పంపండి.’ కూలి డబ్బులు వారానికోసారి చేతికొచ్చే ఇంటికి ఆ ‘రేపు’ పెద్ద బరువు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం, బడి ప్రకటించిన ఫీజు కాక పుచ్చుకునే ఏ విరాళమైనా, చెల్లింపైనా క్యాపిటేషన్ ఫీజే. వసూలు చేస్తే దానికి పది రెట్ల దాకా జరిమానా. కాబట్టి టూరు డబ్బు అడిగితే ముందు చూడాల్సింది ఫీజుల పట్టికనే. సర్కారు బడిలో 6 నుంచి 14 ఏళ్ల పిల్లల మీద చదువుకు అడ్డొచ్చే ఏ ఖర్చూ మోపకూడదు. తెలంగాణలో పదో తరగతి పరీక్ష ఫీజు వేరు, అది పరీక్షల బోర్డుది. రెగ్యులర్ విద్యార్థికి 125 రూపాయలుగా ఉంటూ వచ్చింది. అంతకు మించి అడిగితే రసీదు అడగండి, మొహమాటం వద్దు.

కరోనా కాలంలో, 2020లో, తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు బడులను జీవో 46తో ట్యూషన్ ఫీజు ఒక్కటే, అదీ నెలనెలా తీసుకోమంది.