బుల్లెట్ ఇంజిన్‌కి రాకర్ ఆర్మ్‌లు: కొనేముందు కొలవాల్సినవి

లాలాగూడ నుంచి మన ఇంజిన్ ముచ్చట్లలో ఇంకో ఎపిసోడ్‌కి స్వాగతం. పోయినసారి హెడ్ పని గురించి చెప్పుకున్నాం కదా, ఇవాళ దాని మీద కూర్చునే రాకర్ ఆర్మ్‌ల సంగతి చూద్దాం. ఆర్‌ఎక్స్ 100 తమ్ముళ్లు ఈ ఎపిసోడ్ దాటేయొచ్చు. మీది టూ స్ట్రోక్, దాంట్లో ఇలాంటి వాల్వులూ లేవు, రాకర్లూ లేవు. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 గానీ 500 గానీ గట్టిగా చేయించాలనుకునేవాళ్లు మాత్రం చివరిదాకా చూడండి.

చాలామంది అడిగేది ఒకటే. "అన్నా, రోలర్ రాకర్లు వేస్తే పవర్ ఎంత పెరుగుతది?" నా జవాబు కూడా ఒకటే. రాకర్ పవర్ పుట్టించదు. కామ్ చెప్పిన మాటని వాల్వ్ దాకా మోస్తుంది, అంతే. కామ్ పుష్ రాడ్‌ని పైకి నెడుతుంది, రాకర్ ఊగుతుంది, అవతలి కొస వాల్వ్‌ని కిందికి నొక్కుతుంది. పిల్లలు ఆడే ఎగుడుదిగుడు బల్ల లాంటిదే.

రేషియో అంటే ఏంటి

బల్లకి రెండు చేతులు ఉన్నట్టే రాకర్‌కి కూడా రెండు చేతులు. వాల్వ్ వైపు చెయ్యి పొడవుని పుష్ రాడ్ వైపు చెయ్యి పొడవుతో భాగిస్తే వచ్చేదే రేషియో. లెక్క కోసం కామ్ 7 మి.మీ. ఎత్తుతుంది అనుకుందాం. రేషియో 1.1 అయితే వాల్వ్ 7.7 మి.మీ. తెరుచుకుంటుంది. 1.25 అయితే 8.75 మి.మీ. కామ్ మార్చకుండానే మిల్లీమీటర్ పైన లిఫ్ట్ వచ్చింది. అమెరికాలో షెవర్లే స్మాల్ బ్లాక్ వి8 వాళ్లు 1.5 తీసేసి 1.6 రాకర్లు వేసుకునేది ఇందుకే.

కానీ ఊరికే రాదు. వాల్వ్ అంతే సమయంలో ఎక్కువ దూరం పోవాలి, అంటే ఎక్కువ వేగంగా పోవాలి. స్ప్రింగ్ బలం రేషియోతో హెచ్చి పుష్ రాడ్ మీద, ట్యాపెట్ మీద, కామ్ మీద పడుతుంది. పైగా హెడ్‌లో దారి ఇరుకుగా ఉంటే, కార్బ్యురేటర్ చిన్నదే ఉంటే, ఆ ఎక్కువ లిఫ్ట్‌తో లోపలికి పోయే గాలి ఏమీ పెరగదు. అందుకే హెడ్ పని, కార్బ్యురేటర్, కంప్రెషన్, తర్వాత కామ్, స్ప్రింగులు, ఆఖరికి రాకర్. ఈ వరస తప్పితే డబ్బులు దండగ.

బరువు, ఆర్‌పీఎం

మన పక్కనే మౌలాలి డీజిల్ షెడ్‌లో పనిచేసిన పెద్దమనుషులకి రాకర్ గురించి చెప్పక్కర్లేదు. డబ్ల్యూడీఎం-2 లోకోలో ఉండే ఆల్కో ఇంజిన్, 16 సిలిండర్లు, 2600 హార్స్ పవర్. దాంట్లో కూడా పుష్ రాడ్లూ రాకర్లే. ఎంతో బరువైనవి, అయినా నడుస్తాయి. ఎందుకంటే ఆ ఇంజిన్ ఫుల్ నాచ్‌లో కూడా 1000 ఆర్‌పీఎం దగ్గరే తిరుగుతుంది.

మన బండి సంగతి వేరు. 5000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో వాల్వ్ సెకనుకి 40 సార్లకి పైగా తెరుచుకుని మూసుకుంటుంది. 5000 నుంచి 6000కి పోతే వేగం పెరిగింది 20 శాతమే, కానీ ఆ భాగాల మీద పడే బలం 44 శాతం పెరుగుతుంది. వేగం వర్గం లెక్కన పెరుగుతుంది కాబట్టి.

అందుకే రాకర్ మొత్తం బరువు కన్నా వాల్వ్ వైపు కొస బరువు ముఖ్యం. రోలర్ టిప్ రాపిడి తగ్గిస్తుంది, వాల్వ్ గైడ్ తొందరగా అరగదు. కానీ ఆ రోలర్, దాని పిన్ను రెండూ సరిగ్గా కొస మీదే బరువు పెడతాయి. అల్యూమినియం రాకర్ తేలిక, అయితే అలిసిపోయే గుణం ఎక్కువ. వేల కిలోమీటర్ల తర్వాత పగుళ్లు రావచ్చు. ట్రాక్ బండికి పరవాలేదు, విప్పి చూసుకుంటారు. రోజూ ఆఫీసుకి పోయే బండికి మంచి ఫోర్జ్‌డ్ స్టీలే నా ఓటు.

ఇంట్లో చేసుకోదగ్గ నాలుగు పరీక్షలు

ఒకటి, మార్కర్ పరీక్ష. వాల్వ్ స్టెమ్ కొస మీద నల్ల మార్కర్ పూయండి. రాకర్ బిగించి, ట్యాపెట్ సెట్ చేసి, ప్లగ్ తీసేసి ఇంజిన్ చేత్తో తిప్పండి. విప్పి చూస్తే రంగు పోయిన గీత సన్నగా, మధ్యలో ఉండాలి. అంచుకి పోయిందంటే రాకర్ వాల్వ్‌ని పక్కకి తోస్తోందన్నమాట. గైడ్ పోతుంది.

రెండు, స్ప్రింగ్. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగ్ చుట్ల మధ్య ఖాళీలన్నీ కలిపి కనీసం 1.5 మి.మీ. మిగలాలి. పైన ఉండే రిటైనర్‌కీ గైడ్‌కీ మధ్య కూడా అంతే.

మూడు, పిస్టన్. పిల్లలు ఆడుకునే క్లే తీసుకుని పిస్టన్ మీద పెట్టండి, పైన కొంచెం ఆయిల్ రాయండి. హెడ్ బిగించి రెండు చుట్లు చేత్తో తిప్పి విప్పండి. క్లే కోసి మందం కొలవండి. ఇన్‌లెట్ దగ్గర 2 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర 2.5 మి.మీ. తగ్గకూడదు.

నాలుగు, ఆయిల్ దారి. బుల్లెట్‌లో రాకర్ రెండు ముక్కల బేరింగ్ బ్లాక్‌లో తిరుగుతుంది. ఆ రెండు ముక్కలు జత, ఇన్‌లెట్‌వి ఎగ్జాస్ట్‌వి కలపకూడదు. బిగించాక రాకర్ చేత్తో సులువుగా ఊగాలి, ఆయిల్ రంధ్రం మూసుకుపోకూడదు. పాత బుల్లెట్‌లో ట్యాపెట్ సెట్టింగ్ చల్లటి ఇంజిన్ మీద చేయాలి. పుష్ రాడ్ వేళ్లతో తిరగాలి గానీ పైకీ కిందికీ ఆడకూడదు. యూసీఈ ఇంజిన్‌లో హైడ్రాలిక్ ట్యాపెట్లు, ఆ లెక్క వేరే.

ఈ మధ్య ఒక బండి నా దగ్గరికి వచ్చింది. ఎక్కడో ఎక్కువ రేషియో రాకర్లు కొని, పాత స్ప్రింగుల మీదే బిగించారు. మూడో రోజుకే పుష్ రాడ్ వంగింది. విప్పి చూస్తే రిటైనర్ గైడ్‌ని గుద్దిన గుర్తు. అక్కడితో ఆగింది కాబట్టి సరిపోయింది. అదే వాల్వ్ విరిగి పిస్టన్ మీద పడి ఉంటే ఇంజిన్ ఉన్నట్టుండి పట్టేస్తుంది, వెనక చక్రం లాక్ అవుతుంది. ఉప్పల్ రోడ్డు మీద, వెనకాల లారీ ఉన్నప్పుడు అలా అయితే ఏంటి సంగతి?

కాబట్టి అమ్మేవాళ్లని మూడు అడగండి. రేషియో ఎంత, ఏ మెటల్, కొస హార్డెనింగ్ చేశారా లేదా. జవాబు రాకపోతే డబ్బా అక్కడే పెట్టేయండి. కొలతలు మీకు రాకపోతే సిగ్గుపడొద్దు. 1893 నుంచి రైల్వే వర్క్‌షాపు ఉన్న చోటు ఇది, డయల్ గేజీ పట్టడం తెలిసిన పెద్దలకి కొదవ లేదు. ఒక ఛాయ్ తాగిస్తే నేర్పిస్తారు.

ఇంకో మాట. రోడ్డు బండిలో మార్పులకి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, ముందు అది తెలుసుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో కామ్ టైమింగ్ డిగ్రీ చక్రంతో ఎలా చూడాలో చేసి చూపిస్తా. అప్పటిదాకా కొలిచి కొనండి, జాగ్రత్తగా నడపండి. ఉంటానండి.