కళ్లం దగ్గర శోధన

కడుపు నిండాలంటే మాట తప్పాలి. మాట నిలబెట్టుకోవాలంటే పస్తులుండాలి... నూటయాభై ఏళ్ల కిందట కంభం, మార్కాపురం, కనిగిరి ప్రాంతాల్లోని వేలాది పేద కుటుంబాలకు ఎదురైన పరీక్ష ఇది. చదువు లేదు, భూమి లేదు, అండగా నిలిచేవారు లేరు. అయినా చాలామంది మాట మీదే నిలబడ్డారు. ఎలా?

పశ్చిమ ప్రకాశంలో ఏ చర్చిలో కూర్చున్నా తరచూ వినిపించే మాట ‘శోధన’. తెలుగు క్రైస్తవులు దీన్ని రెండర్థాల్లో వాడతారు. మనిషిని తప్పుదారిలోకి లాగే ఆశ ఒకటి. అతని గట్టితనాన్ని తేల్చే పరీక్ష మరొకటి. యేసుక్రీస్తు అరణ్యంలో నలభై రోజులు ఉపవాసం ఉన్నప్పుడు ఈ రెండూ కలిసే వచ్చాయి. ఆకలిగా ఉన్న మనిషితో సాతాను మొదట మాట్లాడింది బంగారం గురించో అధికారం గురించో కాదు, రొట్టె గురించి! రాళ్లను రొట్టెలుగా మార్చుకోమన్నాడు. రొట్టె తినడం తప్పేమీ కాదు. ఎవరి మాట విని తింటున్నామన్నదే అక్కడ ప్రశ్న. ఈస్టరుకు ముందు వచ్చే లెంటు రోజుల్లో పాస్టర్లు ఈ ఘట్టాన్నే మళ్లీ మళ్లీ వివరిస్తారు.

ఈ మెట్ట ప్రాంతానికి ఆ పాఠం పుస్తకంలో చదివితే వచ్చింది కాదు. అక్షరాలా కళ్లం దగ్గర నేర్చుకున్నది.

తోలు వర్తకుడి కబురు

మొన్నటిదాకా మార్కాపురం, గిద్దలూరు అనగానే ప్రకాశం గుర్తొచ్చేది. నిజానికి 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకూ ఈ రెండూ కర్నూలు జిల్లాలోవి. కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోవి. పటంలో గీతలు ఎలా ఉన్నా కరువు మాత్రం అందరికీ ఒకటే. ఊరి చివర మాదిగపల్లెల బతుకూ ఒకటే.

ఎర్రగుంట్ల పేరయ్య ఆ పల్లెల్లో పుట్టినవాడే. ఊరు తాళ్లకొండపాడు. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాదిన గోదావరి ప్రాంతాల దాకా వెళ్లేవాడు. యోగమార్గంలోనూ సాధన చేసినవాడు. ఆ తిరుగుళ్లలోనే క్రైస్తవ బోధ విన్నాడు. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. మా ఊరు రమ్మని పేరయ్య పిలిచాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి జనం చంటిపిల్లలతో సహా వచ్చి ఎదురుచూస్తున్నారు. ఆ పర్యటనలో 28 మంది బాప్తిస్మం పొందారు. 1869 నాటికి ఆ గాలి కంభం దాకా వచ్చింది. అక్కడా వందలాది మంది చేరారు.

మూడే మూడు నియమాలు

కొత్తగా చేరినవారిలో చదవడం వచ్చినవారు తక్కువ. వారికి పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెబితే ఏం లాభం? అందుకే మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పనిచేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలను పూజించకూడదు.

వినడానికి తేలికే. పాటించడం మాత్రం బతుకుతో చెలగాటం!

ఎందుకంటే ఊరికీ మాదిగపల్లెకూ మధ్య ఓ పాత ఒప్పందం ఉండేది. రైతులకు చెప్పులు కుట్టాలి, బావి తోడే తోలు బాన బాగుచేయాలి, చచ్చిన పశువును ఈడ్చుకెళ్లాలి, జాతర్లలో డప్పు కొట్టాలి. బదులుగా పంట చేతికొచ్చినప్పుడు కళ్లం దగ్గర ఇన్ని గింజలు కొలిచేవారు. దాన్నే ‘మేర’ అనేవారు. చచ్చిన గొడ్డు మాంసం కూడా ఆ జీతంలో భాగమే. కరువు రోజుల్లో చాలా ఇళ్లలో పొయ్యి వెలిగేది దానితోనే.

ఇప్పుడు చూడండి... విగ్రహాలను పూజించకూడదంటే జాతరలో డప్పు కొట్టకూడదు. కొట్టకపోతే ఊరి పెద్దలకు కోపం. ఆదివారం పనికి రానంటే, కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో ఏ రైతు ఊరుకుంటాడు? చాలాచోట్ల మేర ఆపేశారు. నీళ్లకు అడ్డుపడ్డారు. కొట్టినవాళ్లూ ఉన్నారు. ‘ఒక్కసారి వచ్చి డప్పు కొట్టి పో, గింజలు కొలుస్తాం’... శోధన అంటే అదీ! బంగారం అక్కర్లేదు, గంపెడు జొన్నలు చాలు.

అందరూ నిలబడ్డారని చెప్పలేం. ఆకలికి తట్టుకోలేక వెనక్కి తగ్గినవారూ ఉన్నారు. వారిని తప్పుపట్టే హక్కు కడుపు నిండినవారికి లేదు. కానీ నిలబడినవారి సంఖ్య ఏటికేడాదీ పెరిగింది. దేవుడు పస్తు పెట్టడన్న నమ్మకం, ఇచ్చిన మాట తప్పకూడదన్న పట్టుదల... వారి దగ్గరున్న ఆస్తి ఈ రెండే. ఒకటి లేకపోతే రెండోది నిలవదు. నమ్మకం లేని విధేయత భయంగా మారుతుంది. విధేయత లేని నమ్మకం ఉత్త మాటగా మిగులుతుంది.

ఇందులో ఇంకో మలుపుంది. దేవుడి మాటకు లోబడాలనుకున్నవారు ఊరి వెట్టికి లోబడడం మానేశారు. దాదాపు అరవై ఏళ్ల తర్వాత, 1927లో మహద్‌లో అంబేద్కర్ కూడా చచ్చిన పశువుల మాంసం మానేయమని దళితులకు పిలుపునిచ్చారు. ఆయన చెప్పిన కారణం ఆత్మగౌరవం. కంభం, కనిగిరి పల్లెల్లో భక్తి పేరుతో మొదలైనదీ చివరికి చేరింది అక్కడికే.

దొరకూ తప్పలేదు

శోధన పేదవాడికేనా? మిషనరీకీ వచ్చింది. ఒంగోలు వచ్చిన కొత్తలో క్లౌ పెట్టిన బడిలో అగ్రవర్ణాల పిల్లలు చేరారు. పట్టణంలోని పెద్దమనుషులు సానుకూలంగా మాట్లాడేవారు. పల్లెల నుంచి మాదిగలు రావడం మొదలవగానే పరిస్థితి మారింది. వీళ్లను చేర్చుకుంటే మా పిల్లల్ని పంపమన్నారు. పెద్దవాళ్లు ముందు వస్తే మిగతావాళ్లు వాళ్ల వెనకే వస్తారని సర్దిచెప్పుకోవడం కష్టమేమీ కాదు. ఆ రాత్రి క్లౌ, ఆయన భార్య హారియెట్ వేర్వేరు గదుల్లో ప్రార్థించి బైబిలు తెరిచారట. ఇద్దరి కంటా పడింది ఒకే భాగం... లోకం బలహీనులనుకునేవారినే దేవుడు ఎన్నుకుంటాడని పౌలు కొరింథీయులకు రాసిన మాటలు. ఇది క్లౌ స్వయంగా చెప్పుకున్న సంగతి. పెద్దింటి పిల్లలు బడి మానేశారు. తలుపు పల్లెలకు తెరిచే ఉంది.

వద్దన్నా వచ్చారు

అసలు పరీక్ష 1876లో మొదలైంది. వానలు ముఖం చాటేశాయి. మద్రాసు రాజధానిని రెండేళ్లకు పైగా కుదిపేసిన మహా కరువు అది. కరువు పనుల్లో భాగంగా ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. సర్వే పని తెలిసిన క్లౌ సుమారు మూడున్నర మైళ్ల కాలువకు కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలాది మందికి కూలి దొరికింది. మేస్త్రీలుగా బోధకులనే పెట్టాడు. పగలు తవ్వకం, విరామంలో వాక్యం.

బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. ఇవ్వనన్నాడు! కూలి కోసం, గింజల కోసం మతం మారారన్న నింద రాకూడదనుకున్నాడు. పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు. లెక్కలు చూపించి మెప్పు పొందడానికి అంతకన్నా మంచి అవకాశం ఏ మిషనరీకి దొరుకుతుంది? దాన్ని వదులుకున్నాడు.

1878 జూన్ నాటికి సాయం పంపిణీ ఆపేశాడు. బోధకులను మాత్రం ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి రమ్మన్నాడు. వారి వెంట జనం పోటెత్తారు. ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పినా కదల్లేదు. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మమే కావాలన్నారు. విచారించి, బోధకులు ఎరిగినవారిని ఎంపికచేసి జులై 2న 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మూడు రోజుల్లో 3,536 మంది! నీళ్లలోకి దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరేసి చొప్పున. ఏడాది చివరికి ఆ సంఖ్య 9,606.

గుండ్లకమ్మ పుట్టింది నల్లమలలో. కంభం చెరువును నింపి, మార్కాపురం సీమను తాకి కిందికి దిగుతుంది. ఎగువన ఆకలిని ఓర్చుకున్న పల్లెలు ఎన్నో ఆ నీటి దారిలోనే ఉన్నాయి. తర్వాత 1882లో కంభం, 1895లో మార్కాపురం విడివిడిగా మిషను కేంద్రాలయ్యాయి.

కరువే వాళ్లను క్రైస్తవులుగా మార్చిందన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆకలికి పాత్ర లేదని ఎవరూ అనలేరు. అయితే సాయం ఆగాక వచ్చినవారిని, అంతకు పదేళ్ల ముందే మేర పోగొట్టుకున్నవారిని ఏమనాలి? ఆ ప్రశ్నకూ జవాబు చెప్పాలి.

ఇప్పుడు దరఖాస్తు దగ్గర

కళ్లాలు పోయాయి, మేర పోయింది. డప్పు కూడా మారింది. 1994లో ప్రకాశం జిల్లాలోని ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టాక వెట్టికి గుర్తుగా ఉన్న డప్పు ఆత్మగౌరవానికి గుర్తయింది. శోధన మాత్రం వేషం మార్చుకుని దరఖాస్తు ఫారంలోకి వచ్చింది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని వర్తింపజేశారు. క్రైస్తవులకు వర్తించలేదు. రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు, వారి సంతానం బీసీ-సీ కిందికి వస్తారు. ఆ గ్రూపు వాటా ఒక్క శాతం. మతం మారితే ఊళ్లో వివక్ష మారుతుందా అని ఒకరు అడుగుతారు. కులం లేదన్న మతంలోకి వెళ్లి కులం రాయితీ ఎలా అడుగుతారని ఇంకొకరు అంటారు. ఆ వాదన ఎప్పటికి తెగుతుందోగానీ, బిడ్డ కాలేజీ సీటు కోసం ఫారం నింపే తండ్రికి ‘మతం’ అన్న గడి దగ్గర కలం ఆగుతుంది. ఏం రాసినా ఏదో ఒకటి పోతుంది.

ఆయనకు తీర్పు చెప్పడం తేలిక. పక్కన నిలబడటం కష్టం. వలస కూలికి ఆదివారం పని మానితే రోజు కూలి పోతుంది. సంతకం పెడితే చాలు, డబ్బిస్తామన్న ఫైనాన్సు కుర్రాడు గుమ్మంలోనే ఉంటాడు. సాయంత్రం అయితే మందు దుకాణం పిలుస్తుంది. శోధన ఎప్పుడూ రాక్షసుడిలా రాదు, అవసరం రూపంలో వస్తుంది. ఈ సీమ పెద్దలు దాన్ని గుర్తుపట్టడానికి పెట్టుకున్న కొలబద్ద చిన్నదే. ఇప్పుడు చేతికొచ్చేది ఎంత అని వారు లెక్కేయలేదు. దీన్ని పుచ్చుకున్నాక రేపట్నుంచి ఎవరి మాటకు తలవంచాల్సి వస్తుందని ఆలోచించారు. గంపెడు జొన్నల ముందు నిలబడి ఆ లెక్క వేయగలిగారు కాబట్టే వారి మనవళ్లు, మునిమనవళ్లు తలెత్తుకుని బడికి వెళ్లారు.