ఒంటికి మించిన ఇంజన్లు

బెజవాడ ఆటోనగర్‌లో ఇంజన్ దించడం చూడాలంటే టికెట్ అక్కర్లేదు. ముక్కాలి స్టాండుకి చైన్ బ్లాకు వేలాడుతుంటుంది, దాని కింద బానెట్ ఊడదీసిన అంబాసిడర్. కుర్రాడు గొలుసు లాగుతుంటే, మేస్త్రీ ఇంజన్ మీద చెయ్యేసి అది ఊగి రేడియేటర్‌కి తగలకుండా ఆపుతుంటాడు. కోసిన డబ్బాలో నట్లూ బోల్టులూ కిరసనాయిల్లో నానుతుంటాయి.

పాత బండి, అందులోది అసలు ఇంజనే అయితే, పైకి వచ్చేది 1489 సీసీల బీఎంసీ ‘బి’ సిరీస్. 1955లో ఇంగ్లండులో రోడ్డెక్కిన ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఈ వంశానిదే, అవే 1489 సీసీలు! వాళ్లు రెండు కార్బ్యురేటర్లు తగిలించి 70 హెచ్‌పీ దరిదాపులకు లాగారు. మనకి ఒక్కటే పెట్టి 50 దగ్గర సరిపెట్టారు. గుడివాడ పెళ్లికి పదిమందిని కుక్కుకుని వెళ్లిన బండికి అంతటి షోకిలా చుట్టం ఉందన్నమాట.

పెట్రోలు ధర మండిపోయిన రోజుల్లో మనవాళ్లకి కావలసింది వేగం కాదు, మైలేజీ. అందుకే మెటడోర్ వ్యాను డీజిల్ ఇంజన్‌ని అంబాసిడర్లకి ఎక్కించేవారు. ఇంజన్ కూర్చోబెట్టడం ఒక్క పూట పని. దాని వెనకాల మౌంటింగులు కోసి వెల్డింగ్ చేయాలి, గేర్ బాక్సు కలవాలి, రేడియేటర్ చాలాలి, బరువుకి ముందు భాగం కుంగకుండా చూసుకోవాలి. బండి పేరేదైనా, దేశమేదైనా ఈ తిప్పలు ఇవే.

ఈ తిప్పల్లో అందరికంటే దూరం వెళ్లినవాడు ఎర్నెస్ట్ ఎల్‌డ్రిడ్జ్ అనే ఇంగ్లీషాయన. 1908 నాటి ఫియట్ రేసు కారు ఛాసిస్‌లోకి 21.7 లీటర్ల విమానం ఇంజన్ దింపాడు. ఆరు సిలిండర్లు, 320 హెచ్‌పీ. ఛాసిస్ పొడవు చాలకపోతే లండన్ బస్సు ముక్కలు తెచ్చి అతికించాడట. మన ఆటోనగర్‌లో పుట్టాల్సిన మనిషి! దాని పేరు మెఫిస్టోఫెలె, అంటే దయ్యం. 1924 జూలైలో ఫ్రాన్సులోని అర్పజోన్ రోడ్డు మీద ప్రపంచ రికార్డు వేగం అందుకుంది. పోటీ జట్టు వాళ్లు ఊరుకోలేదు. బండికి రివర్స్ గేరు లేదు, చెల్లదు పొమ్మన్నారు. ఎల్‌డ్రిడ్జ్ ఏదో తంటాలు పడి వెనక్కి నడిచే ఏర్పాటు చేసుకుని, జూలై 12న మళ్లీ వచ్చి గంటకి 234.98 కిలోమీటర్లు కొట్టాడు.

దాన్ని మించిన ఇంజన్ చూడాలంటే జర్మనీలోని ‘బ్రూటస్’. పాత ఫైరింజన్ ఛాసిస్ మీద దాదాపు 47 లీటర్ల బీఎండబ్ల్యూ విమానం ఇంజన్. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏముంది, అది కారు అంటే నేనొప్పుకోను.

ఎంజీ సంగతికొద్దాం. 1798 సీసీల ఎంజీబీలోకి 1967లో కంపెనీయే 2912 సీసీల ఆరు సిలిండర్ల ఇనుప ఇంజన్ పెట్టి ఎంజీసీ అంది. ముందువైపు 90 కిలోలకు పైగా బరువు పెరిగి, మలుపులో ముక్కు తిరగనని మొరాయించేది. 1973లో అదే బాడీలో 3528 సీసీల రోవర్ వీ8 కూర్చోబెట్టారు. అల్యూమినియంది కాబట్టి బరువు పాత నాలుగు సిలిండర్ల ఇంజన్‌తో ఇంచుమించు సమానం. సీసీలు రెట్టింపైనా బండి తూకం చెడలేదు. అయినా అమ్ముడుపోయింది 2591 మాత్రమే.

సన్‌బీమ్ టైగర్‌ది మరో తమాషా. 1592 సీసీల ఆల్పైన్‌లోకి 1964లో 4.3 లీటర్ల ఫోర్డ్ వీ8 ఇరికించారు. ఫ్యాక్టరీలో సుత్తితో బాడీ రేకు లోపలికి కొడితే గానీ ఇంజన్ పట్టలేదు. వెనక ప్లగ్గు ఒకటి విప్పాలంటే లోపల కూర్చుని, రేకుకి పెట్టిన కన్నంలోంచి చెయ్యి దూర్చాలి. తర్వాత ఆ కంపెనీని క్రైస్లర్ కొనేసింది. పోటీ కంపెనీ ఇంజన్ తన బండిలో ఉండటం తలవంపులే, కానీ తన వీ8 ఆ గూట్లో పట్టలేదు. 1967లో టైగరే పోయింది.

ధర రికార్డు మాత్రం ఒకప్పుడు కారల్ షెల్బీది. ఇంగ్లండు నుంచి ఇంజన్ లేకుండా వచ్చిన ఏసీ ఏస్ బాడీలో 1962లో ఫోర్డ్ వీ8 దింపి కోబ్రా అన్నాడు. ఆ మొట్టమొదటి బండి 2016 వేలంలో 1.375 కోట్ల డాలర్లు పలికింది. అప్పటికి వేలంలో ఏ అమెరికన్ కారూ అంత తేలేదు. ఆ వరసలోనే 7 లీటర్ల ఇంజన్ పెట్టేటప్పుడు మాత్రం ఛాసిస్ గొట్టాలు మూడంగుళాల నుంచి నాలుగంగుళాలకి లావు చేసి, కమాన్ కట్టలు తీసి కాయిల్ స్ప్రింగులు వేయాల్సొచ్చింది.

మన దేశపు రికార్డు తిరగేసింది. మద్రాసులో 1985లో స్టాండర్డ్ 2000 వచ్చింది. బాడీ రోవర్‌ది, ఇంగ్లండులో ఆ 3528 సీసీల వీ8నే మోసిన బాడీ. ఇక్కడ దానికి అమర్చింది పాత వాన్‌గార్డ్ కార్ల కాలపు 1991 సీసీల ఇంజన్. 1980లు దాటలేదు ఆ బండి. కాంటెస్సా కాస్త అదృష్టవంతురాలు. 1984లో అంబాసిడర్ 1489తోనే మొదలై ఈడ్చుకుంటూ నడిచినా, తర్వాత 1.8 లీటర్ల ఇసుజు ఇంజన్ పడ్డాక సినిమా విలన్లకి సరిపడా దూకుడు వచ్చింది.

ఇప్పుడు ఎవరికైనా పాత బండిలో పెద్ద ఇంజన్ పెట్టాలనిపిస్తే, ముందుగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూసుకోవాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సి బుక్కు తిరగేసి చూసేది బండి రంగు కాదు, నంబరు. అందుకే మేస్త్రీ గుడ్డతో గ్రీజు తుడిచి, ఇంజన్ మీద తెల్లకాగితం పెట్టి, పెన్సిల్ అడ్డంగా పట్టుకుని రుద్దుతాడు. అంకెలు ఒక్కొక్కటే నల్లగా పైకి తేలతాయి.